వెడల్పు తెర ఫోను: బెజవాడ ప్రాజెక్టు డైరీ

డిసెంబరు చివర: స్టీలు స్కేలు

దుకాణంలో పెద్ద తెర ఫోను అడిగితే 6.7 అంగుళాలనీ 6.8 అంగుళాలనీ చూపిస్తారు. ఆ అంగుళాలు మూల నుంచి మూలకు కొలిచినవి. చదివేవాడికి కావలసింది అడ్డం కొలత. దాన్ని పెట్టె మీద ఎక్కడా అచ్చు వేయరు. అందుకే ఇంట్లో ఉన్న ఫోన్లన్నీ బల్ల మీద వరసగా పేర్చి స్టీలు స్కేలు పట్టాను. 6.7 అంగుళాల ఫోను, 20:9 నిష్పత్తి (నిలువు 20 పాళ్లయితే అడ్డం 9) తెర: అడ్డం 70 మిల్లీమీటర్లు, నిలువు 155.

తర్వాత పాత ఫోన్ల లెక్క కాగితం మీద కట్టాను. 2011లో సామ్‌సంగ్ మొదటి గెలాక్సీ నోట్ వచ్చినప్పుడు ఇది ఫోనా, పలకా అని నవ్వినవాళ్లు మన బీసెంట్ రోడ్డులోనే బోలెడంత మంది. దాని తెర 5.3 అంగుళాలు, నిష్పత్తి 16:10. అడ్డం 71 మిల్లీమీటర్లు! ఇన్నేళ్లలో అంగుళాలు 5.3 నుంచి 6.7కు ఎదిగాయి, అడ్డం మాత్రం ఒక మిల్లీమీటరు తగ్గింది. 2017లో ఎల్‌జీ జీ6 18:9 తెరతో, సామ్‌సంగ్ ఎస్8 18.5:9 తెరతో వచ్చాక మిగతా కంపెనీలన్నీ అదే దారి పట్టాయి. ఫోను పిడికిట్లో ఇమడాలి, పెట్టె మీద అంకె ఘనంగా కనపడాలి. రెండూ కుదరాలంటే నిలువుగా సాగదీయాల్సిందే. వీడియోలు చూసేవాడికి, వేలితో పైకి తోసుకుంటూ పోయేవాడికి ఇది చక్కగా సరిపోతుంది. తెలుగు పేపరు చదివేవాడికి సరిపోదు.

ఎందుకంటే మన మాటలు పొడుగు. ‘ప్రకటించాల్సివచ్చిందని’ అన్న ఒక్క మాటను కాస్త పెద్ద అక్షరాల్లో పెడితే 70 మిల్లీమీటర్ల తెరలో వరుసంతా దాదాపు అదే ఆక్రమిస్తుంది. తర్వాతి మాట కిందికి జారుతుంది, పక్కన బోసిగా ఖాళీ మిగులుతుంది. మా మేనమామ ఏలూరు రోడ్డులో ఒక ప్రెస్సులో ప్రూఫులు దిద్దుతూ రిటైరయ్యాడు. ఒక కంటికి శుక్లం తీశారు, రెండో కన్ను వాయిదాల మీద ఉంది. అక్షరం నాలుగు మిల్లీమీటర్ల ఎత్తు ఉంటే తప్ప చదవలేడు. ఆ సైజులో అతని ఫోను వరుసకు రెండు మాటలు చూపిస్తోంది. “వరుసకు రెండు మాటలు పేరిస్తే మా రోజుల్లో కంపోజిటర్‌ను ఆ సాయంత్రమే ఇంటికి పంపేవాళ్లు అల్లుడూ” అన్నాడు.

టాబ్లెట్ కొనిస్తే పోదా అని ఇంట్లో అందరూ అడిగారు. అతనికి కావలసింది జేబులో మోగే వస్తువు. సిమ్ వేసి మాట్లాడుకోగల 7 అంగుళాల పరికరాలు ఒకప్పుడు వచ్చాయి: 2013లో ఆసుస్ ఫోన్‌ప్యాడ్ 7, ఆ మరుసటేడు హెచ్‌పీ వాయిస్‌ట్యాబ్. 2016లో షావొమీ ఎంఐ మ్యాక్స్ 6.44 అంగుళాల 16:9 తెరతో వచ్చింది, అడ్డం 80 మిల్లీమీటర్లు. ఆ వంశమంతా అంతరించింది. ఎక్కడైనా పాతవి దొరికినా బ్యాటరీ ఉబ్బి ఉంటుంది, అందులోని ఆండ్రాయిడ్‌ను ఏ యాప్ కూడా గుర్తుపట్టదు.

కాబట్టి తయారు చేయడమే. పగలు యూపీఎస్‌ల సర్వీసింగు, రాత్రి ఈ ఫోను. కావలసినవి రాసుకున్నాను. తెర అడ్డం 85 మిల్లీమీటర్లకు తగ్గకూడదు. చొక్కా జేబులో పట్టాలి. ఒక చార్జింగుకు ఆరు గంటల చదువు. నాలుగో షరతు మా అత్తయ్యది. 2024 సెప్టెంబరు మొదట్లో బుడమేరు పొంగి సింగ్‌నగర్ మునిగినప్పుడు వాళ్లు మేడ మీద ఉన్నారు. కరెంటు రోజుల తరబడి రాలేదు, ఇంట్లో ఉన్న ఫోన్లు ఒక్కొక్కటే ఆరిపోయాయి. “తెర సంగతి మీరూ మీరూ చూసుకోండి. కరెంటు లేకపోయినా వారం రోజులు అది మోగాలి, అంతే” అంది. కాగితం మీద చివర రాసిన ఈ షరతే తర్వాత ప్రాజెక్టు రూపురేఖలన్నీ మార్చేసింది.

జనవరి: ప్యానెల్ వేట

7 అంగుళాలు, 16:9 అయితే నిలువు 155 మిల్లీమీటర్లు, అడ్డం 87. నిలువు ఇప్పటి 6.7 అంగుళాల ఫోను తెరంతే, అడ్డం మాత్రం 17 మిల్లీమీటర్లు ఎక్కువ. ఆ 17 మిల్లీమీటర్ల కోసమే ఈ పాట్లన్నీ.

మొదట బల్ల మీద పెట్టి పరీక్షించడానికి రాస్ప్‌బెర్రీ పై అనే చిన్న కంప్యూటరు పలకలు చేసేవాళ్ల టచ్ డిస్‌ప్లే 2 తెప్పించాను. 2024 నవంబరులో 60 డాలర్ల ధరకు విడుదలైన తెర ఇది. 720×1280 చుక్కలు, నిలువుగా వాడటానికే చేసినది. అంతకుముందు 2015లో వచ్చిన వాళ్ల 7 అంగుళాల తెర 800×480 మాత్రమే. బొమ్మ బాగుంది, స్పర్శ బాగుంది. చిక్కల్లా చుట్టూ ఉన్న అంచుతో. వెలిగే భాగం 88 మిల్లీమీటర్ల వెడల్పయితే మొత్తం గాజు 120. గోడకు బిగించుకునేవాడికి దిగులు లేదు, చేత్తో పట్టుకునేవాడికి కుదరదు.

బీసెంట్ రోడ్డు సందులో నాకు తెలిసిన రిపేరు కుర్రాడొకడున్నాడు. పగిలిన కాంబోలు (టచ్ గాజు, తెర అతికి ఉన్న జతలు) విడదీసి గాజు మార్చడంలో అతని చెయ్యి చూడాల్సిందే: వేడి పలక మీద పెట్టి, సన్నని తీగతో టచ్‌నీ తెరనీ వేరు చేస్తాడు. అతని దగ్గర కూర్చుని పాత 7 అంగుళాల టాబ్లెట్ ప్యానెళ్లు తిరగేశాం. ఎక్కువ శాతం 16:10, అంటే అడ్డం 94 మిల్లీమీటర్లు. మామయ్య అరచేతికి అది మరీ ఎక్కువ. పైగా ఆ ప్యానెళ్లకు డేటాషీటు (ఏ పిన్ను ఏమిటో చెప్పే పత్రం) ఉండదు.

“అన్నా, ఫ్లెక్స్ పట్టీ సరిపోయినంత మాత్రాన బొమ్మ రాదు. ఏ పిన్ను దేనిదో తెలియకుండా కరెంటు ఇస్తే బ్యాక్‌లైట్ లైను కాలిపోతుంది” అన్నాడు. నిజమే. ఫోను తెర హెచ్‌డీఎంఐ టీవీ లాంటిది కాదు. తానెవరో తాను చెప్పుకోదు. ప్రాసెసరే ముందుగా దానికి రెండు వందల దాకా చిన్న ఆదేశాలు పంపి, వోల్టేజీలు, గామా, వరుసల మధ్య విరామాలు అన్నీ చెప్పి లేపాలి. ఆ జాబితా దొరకని ప్యానెల్ గాజు పలకతో సమానం.

చివరికి ఐఎల్ఐ9881సీ అనే కంట్రోలర్ ఉన్న సన్నంచు ప్యానెల్ ఒకటి తెప్పించాను. గాజు వెడల్పు 97 మిల్లీమీటర్లు. ఫోనులో నడపబోయే ఆపరేటింగ్ సిస్టమ్ లినక్స్. ఈ కంట్రోలర్‌ను నడిపే డ్రైవర్ ప్రోగ్రాం దాని కెర్నెల్‌లోనే ఉంది, మన ప్యానెల్ ఆదేశాల పట్టికను అందులో చేర్చుకుంటే చాలు. అమ్మినవాళ్లు పంపిన పట్టిక యథాతథంగా ఎక్కించాను. తెర వెలిగింది. అయితే బొమ్మంతా కుడికి జరిగింది, తెగిన ముక్క ఎడమ అంచున తేలింది, మధ్యలో సన్నని ఆకుపచ్చ గీత వణుకుతూ నిలబడింది.

ఇక్కడ కాస్త ఆగి చెప్పాలి. ప్రతి వరుస చుక్కలు పంపాక తెరకు ఊపిరి తీసుకునే వ్యవధి ఇవ్వాలి. వరుసకు ముందూ వెనుకా ఉండే ఆ ఖాళీలను పోర్చ్ అంటారు. ముందు ఖాళీ తక్కువైతే కంట్రోలర్ పాత వరుస ముగించకముందే కొత్త వరుస వచ్చి పడుతుంది. ముందు ఖాళీని పెంచి, ఆ మేరకు చుక్కలు పంపే గడియార వేగాన్ని కొద్దిగా పెంచి, మళ్లీ కంపైల్ చేశాను. బొమ్మ ఎడమకు జరిగి తన చోట కూర్చుంది, గీత మాయమైంది. రాత్రి ఒంటి గంటకు నిద్రపోతున్న మా ఆవిడను లేపి చూపించాను. “గీత లేదుగా, ఇంకేమిటి చూడాల్సింది?” అంది. తెర పని ముగిసిందనడానికి అంతకంటే ధ్రువపత్రం అక్కర్లేదు.

మెదడుగా రాస్ప్‌బెర్రీ పై కంప్యూట్ మోడ్యూల్ 4 ఎంచుకున్నాను. 55×40 మిల్లీమీటర్ల పలక, నాలుగు కోర్లు, యూఎస్‌బీ గూళ్ల ఎత్తు బెడద లేదు. దాని కింద పెట్టే బోర్డు చిన్నది ఒకటి సిద్ధంగా దొరికింది. సొంతంగా గీసుకునే ఓపిక ఈ విడతకు లేదు.

ఫిబ్రవరి: అక్షరాలు

7 అంగుళాల్లో 720×1280 అంటే అంగుళానికి 210 చుక్కలు. ఇప్పటి ఫోన్లలో 400 దాకా ఉంటాయి కాబట్టి ఈ అంకె చెబితే కుర్రాళ్లు పెదవి విరుస్తారు. మామయ్య చదివే సైజులో లెక్క వేరు. నాలుగు మిల్లీమీటర్ల అక్షరానికి ఇందులో 33 చుక్కలు దక్కుతాయి. పాత 800×480 తెర మీద అదే అక్షరానికి 21 చుక్కలే. తలకట్టు, సుడి, ఒత్తు అన్నీ ఆ 21లో సర్దుకోవాలి కాబట్టి ‘క్ష్మ’ లాంటివి మసకబారి మచ్చల్లా కనిపించేవి. 33 దగ్గర ఒత్తు విడిగా కనిపిస్తోంది.

ఫాంట్ల ఎంపికకు మామయ్యే న్యాయనిర్ణేత. నోటో సాన్స్ తెలుగు, నోటో సెరిఫ్ తెలుగు, మండలి, రామభద్ర వరసగా పెట్టి ఒకే వార్తను చూపించాను. రామభద్రను చూడగానే “ఇది శీర్షికలకు” అని పక్కన పెట్టాడు. మండలి దగ్గర చాలాసేపు ఆగాడు. చివరికి నోటో సాన్స్‌కే ఓటు, అదీ షరతుతో: “వరుసల మధ్య లెడ్ పెంచు. పై వరుస ఒత్తు కింది వరుస గుడిని ముట్టుకుంటోంది.” సీసం అచ్చుల కాలం నాటి ఆ లెడ్‌ను నేను కంప్యూటర్లో అక్షరం ఎత్తుకు 1.7 రెట్లుగా పెట్టాను. బ్రౌజర్ మామూలుగా ఇచ్చే దూరం ఇంగ్లీషు అక్షరాలకు చాలినా ‘స్త్రీ’, ‘రాష్ట్రం’ వచ్చేసరికి ఇరుకవుతుంది.

పరీక్ష వాక్యంలో ‘జ్ఞా’ కూడా చేర్చాను, సరదాకు. 2018 ఫిబ్రవరిలో ఈ అక్షరం దాని మధ్య ఒక కనపడని సంకేతంతో కలిసి వస్తే చాలు, ఐఫోన్లలో మెసేజీ యాప్‌లు కుప్పకూలేవి. ఐఓఎస్ 11.2.6తో దాన్ని సరిచేశారు. మన లినక్స్ పెట్టె ఏమాత్రం తొణక్కుండా చూపించింది.

పేపరు కాలమ్ వెడల్పు కొలిచాను, రమారమి నాలుగు సెంటీమీటర్లు. ఈ-పేపరులో ఒక కాలమ్‌ను తెర నిండా లాగితే అచ్చులో కంటే రెండింతల పైగా పెద్దదవుతుంది, పక్కకు జరపాల్సిన పని ఉండదు. ఈ ఒక్క మాటా తెలిస్తే మామయ్య డిసెంబరులోనే తన జేబులోంచి డబ్బు తీసి ఇచ్చేవాడు.

తెర మీది కీబోర్డుకు కూడా ఈ వెడల్పు కలిసొచ్చింది. వరుసకు పది మీటలు వేస్తే మామూలు ఫోనులో ఒక్కోటి 7 మిల్లీమీటర్లు, ఇందులో దాదాపు 9. ఫోష్ అనే లినక్స్ ఫోను ముఖద్వారం వాడుతున్నాను. దాని కీబోర్డు అమరిక మామూలు పాఠ్య ఫైలే. ఇన్‌స్క్రిప్ట్ పద్ధతిలో, ఎడమ చేతికి అచ్చులూ గుణింతాలూ కుడి చేతికి హల్లులూ వచ్చేలా రాసుకున్నాను.

మార్చి: నిద్ర ఎరుగని ప్రాసెసర్

అత్తయ్య షరతు ఇక్కడ అడ్డం తిరిగింది.

5,000 ఎంఏహెచ్ పౌచ్ సెల్స్ రెండు సమాంతరంగా కలిపాను. 3.7 వోల్టుల లెక్కన 37 వాట్-అవర్లు. దాన్ని 5 వోల్టులకు పెంచే సర్క్యూట్ పన్నెండు శాతం దాకా వేడి రూపంలో తినేస్తుంది, మిగిలేది 32 చిల్లర. తెర వెలిగి పేపరు చదువుతుంటే మొత్తం 4.3 వాట్లు లాగుతోంది, అంటే ఏడున్నర గంటల చదువు. సంతోషమే. తెర ఆర్పి, అన్నీ ఆపి మీటరు చూస్తే 2.2 వాట్లు! పదిహేను గంటలు తిరక్కుండానే బ్యాటరీ ఖాళీ. దుకాణంలో దొరికే ఫోను ఇందులో సగం బ్యాటరీతో రోజులు నెట్టుకొస్తుంది. దాని ప్రాసెసర్‌కు గాఢనిద్ర తెలుసు. మెమరీని మాత్రం బతికించుకుని మిగతాదంతా ఆర్పేస్తుంది. రాస్ప్‌బెర్రీ పైలకు ఆ విద్య లేదు. అవి పుట్టింది గోడ ప్లగ్గుకు వేలాడటానికి.

పూర్తిగా ఆపేసి, కాల్ వచ్చినప్పుడు లేపుదామా? లినక్స్ లేచి కళ్లు నులుముకునేసరికి ఇరవై అయిదు సెకన్లు. ఈలోగా అవతలివాళ్లు పెట్టేస్తారు.

యూపీఎస్ పని చేసేవాడికి ఇలాంటి చోట తట్టే ఉపాయం ఒకటే: లోడును రెండుగా చీల్చడం. పెద్ద తెర, పెద్ద ప్రాసెసర్ ఒక వర్గం. టవర్‌తో మాట్లాడే 4జీ మోడెమ్, దాని పక్కన పిల్ల మైక్రోకంట్రోలర్ (చిన్న పనులు చూసుకునే చిప్), అంగుళం కూడా లేని ఓఎల్ఈడీ తెర, రెండు బొత్తాలు ఇంకో వర్గం. మొదటి వర్గానికి కరెంటు ఇచ్చే మాస్‌ఫెట్ (ఎలక్ట్రానిక్ స్విచ్) తాళం రెండో వర్గం చేతిలో ఉంటుంది. ఫోను మామూలుగా ఉండే స్థితిలో పెద్ద వర్గం పూర్తిగా ఆరిపోయి ఉంటుంది. మోడెమ్ నిద్రలో ఉంటూనే టవర్ పిలుపులు వింటుంది. కాల్ రాగానే దాని రింగ్ పిన్ను కిందికి పడుతుంది, మైక్రోకంట్రోలర్ లేచి బజర్ మోగించి, చిన్న తెర మీద నంబరు వేస్తుంది. పచ్చ బొత్తం నొక్కితే మోడెమ్‌కు ‘ఏటీఏ’ అని మూడక్షరాలు పోతాయి, మాట మొదలు. ఎర్ర బొత్తం నొక్కితే కాల్ కట్. పెద్ద తెర ఈ వ్యవహారంలో తల దూర్చనే దూర్చదు. ఎర్ర బొత్తం వరసగా మూడుసార్లు నొక్కితే 112కు కాల్ పోయేలా రాశాను. 2017 నుంచి మన దేశంలో అమ్మే ఫోన్లకు అత్యవసర బొత్తం తప్పనిసరి. ఇది అమ్మేది కాకపోయినా వాడేది డెబ్బయి దాటినవాడు కదా.

ఈ ఏర్పాటుతో నిలకడ కరెంటు కొలిస్తే సగటున 22 మిల్లీఆంపియర్లు. రోజుకు అర ఆంపియర్-అవర్ చిల్లర. పది ఆంపియర్-అవర్ల బ్యాటరీకి వారం ఒక లెక్కే కాదు, రెండు వారాల పైమాటే. మీటరు బొమ్మ అత్తయ్యకు పంపాను. “అయితే ఆ పెద్ద తెర ఎందుకు, ఇదే చాలుగా?” అని జవాబు.

మామయ్య పేపరు చదవాలనుకుంటే పక్కనున్న మూడో మీట నొక్కి ఇరవై అయిదు సెకన్లు ఆగాలి. ఈ ఆలస్యం గురించి భయపడుతూనే చెప్పాను. వాల్వు రేడియో పెట్టి వార్తల కోసం కూర్చున్న మనిషికి అది ఆలస్యంగా తోచలేదు. కళ్లద్దాలు తుడుచుకోవడానికి అంత సమయం పడుతుందట.

మార్చి ఆఖరు: మాట

డేటా మొదటి రోజే వచ్చింది, మాట రాలేదు. మన దగ్గర ఇప్పుడు ఎక్కువ కాల్స్ 4జీ మీదే వాయిస్ ఓవర్ ఎల్‌టీఈ పద్ధతిలో నడుస్తాయి. 2016 సెప్టెంబరులో సేవలు మొదలుపెట్టిన జియోకు మొదటి నుంచీ 2జీ, 3జీలు లేవు. అక్కడ మాటంటే ఈ పద్ధతే. మోడెమ్‌లో ఆ నెట్‌వర్కుకు తగిన అమరిక ఫైలు లేకపోతే ఇంటర్నెట్ పరుగెత్తుతుంది, ఫోను మాత్రం మోగదు. నేను కొన్న మోడ్యూల్ ఏ దేశానికీ చెందని సాధారణ అమరికతో వచ్చింది. తయారీదారు దగ్గర్నుంచి కొత్త ఫర్మ్‌వేర్ (మోడెమ్ లోపలి సాఫ్ట్‌వేర్) వచ్చేదాకా, 2జీ ఇంకా నడుపుతున్న కంపెనీ సిమ్ వేసి పరీక్షలు సాగించాను.

దాంతో ఇంకో తలనొప్పి బయటపడింది. కాల్ 2జీకి దిగగానే స్పీకరులో ‘జర్ర్ర్’ మని మోత, మరుక్షణం పెద్ద ప్రాసెసర్ రీస్టార్ట్. పాత ఫోను టీవీ పక్కన పెడితే కాల్ రాకముందే వచ్చే మోత గుర్తుందా, అదే ఇది. 2జీలో ఫోను నిరంతరాయంగా ప్రసారం చేయదు. 4.6 మిల్లీసెకన్లకు ఒకసారి, అర మిల్లీసెకను పైచిలుకు మాత్రమే గొంతెత్తుతుంది. సెకనుకు 217 సార్లు. ఆ ప్రతి అరుపుకూ రెండు ఆంపియర్ల దాకా గుంజుతుంది. వోల్టేజీని గీతగా చూపే ఆసిలోస్కోపు మీద బ్యాటరీ వోల్టేజీ దువ్వెన పళ్లలా గుంటలు పడి కనిపించింది. ఒక్కో గుంట అర వోల్టు లోతు!

నివారణ పుస్తకాల్లో ఉన్నదే. మోడెమ్‌కు కరెంటు 5 వోల్టుల లైను నుంచి తీసి నేరుగా సెల్ నుంచి ఇచ్చాను, అది 3.4 నుంచి 4.2 వోల్టుల మధ్య ఏదైనా తింటుంది. తీగలు పొట్టివీ లావువీ వేసి, పిన్నుల పక్కనే 1,500 మైక్రోఫారడ్ల తక్కువ నిరోధపు కెపాసిటర్ (కరెంటు దాచి అవసరానికి చటుక్కున ఇచ్చేది) నిలబెట్టాను. గుంట 0.15 వోల్టులకు తగ్గింది, రీస్టార్టులు ఆగాయి. మైకు తీగను మెలితిప్పి, దాని భూమి తీగను వేరుగా తీసుకెళ్తే మోత కూడా సద్దుమణిగింది.

కొత్త ఫర్మ్‌వేర్ వచ్చాక 4జీ మీద మొదటి కాల్ అత్తయ్యకే. 2జీ గొంతు 300 నుంచి 3,400 హెర్ట్జ్ మధ్య ఇరుక్కుని వస్తుంది, 4జీలో విస్తృత కోడెక్ (గొంతును అంకెల్లోకి మార్చే పద్ధతి) 7,000 దాకా తీసుకెళ్తుంది. ఆ తేడా ‘స’, ‘శ’ల్లో తెలుస్తుంది. “పక్క గదిలోంచి మాట్లాడుతున్నావా?” అని అడిగింది. ఆవిడ పొగడ్తలు అరుదు కాబట్టి ఇక్కడ రాసి ఉంచుతున్నాను.

ఏప్రిల్: పెట్టె

తొలి పెట్టె పీఎల్ఏ ప్లాస్టిక్‌తో త్రీడీ ప్రింటరు మీద తీయించాను, కొలతలు చూసుకోవడానికి మాత్రమే. పీఎల్ఏ 60 డిగ్రీల దగ్గర మెత్తబడుతుంది. వేసవిలో బెంజ్ సర్కిల్ ఎండలో నిలబెట్టిన స్కూటరు డిక్కీలో అది ఎంతసేపు? అసలు పెట్టెకు 80 డిగ్రీల దాకా ఓర్చుకునే పీఈటీజీ.

వీపు మాత్రం అల్యూమినియం కావాలి. ప్రాసెసర్ 80 డిగ్రీలు దాటితే తనంతట తాను వేగం తగ్గించుకుంటుంది, వేడిని ఎక్కడో అక్కడ పరచాలి. 1.5 మిల్లీమీటర్ల రేకు పట్టుకుని ఆటోనగర్ వెళ్లాను. లారీ బాడీలు కట్టే షెడ్డులో అరచేతంత రేకు చూసి మేస్త్రీ మొదట నవ్వాడు. తర్వాత బొమ్మను తిప్పి తిప్పి చూశాడు.

“ఇక్కడ సూటిగా వంచితే మూల చిట్లుతుంది సార్. లోపలి వైపు గాడి కొట్టి వంచుదాం. మరి ఈ పైన ఎందుకు కోసేయమన్నారు? రేకు మొత్తం ఉంటే గట్టిగా ఉంటుంది కదా.”

“అక్కడ ఏరియల్ ఉంటుంది బాబాయ్. రేకు అడ్డమొస్తే సిగ్నల్ రాదు.”

“అదా! అయితే పైన రెండు వేళ్లు వదిలేద్దాం.”

రెండు వేళ్లు సరిగ్గా సరిపోయాయి. ఏరియల్ విషయంలో పెద్ద ఫోనుకు ఒక సౌకర్యం ఉంది. ఏరియల్ తీగ పావు తరంగం పొడవు ఉంటే మంచిది, 850 మెగాహెర్ట్జ్ బ్యాండుకు అది 88 మిల్లీమీటర్లు. చిన్న ఫోన్లలో దాన్ని మడతలు పెట్టి ఇరికిస్తారు. మన పెట్టె 102 మిల్లీమీటర్ల వెడల్పు కాబట్టి పై అంచు వెంట తిన్నగా పడుకుంది. 1800, 2300 బ్యాండ్లకు పొట్టి కొమ్మలు పక్కనే.

ఇక జేబు. మామయ్య చొక్కా జేబు అడ్డం 11.5 సెంటీమీటర్లు, ఫోను 10.2. పడుతుందనుకుంటాం. దళసరి 15 మిల్లీమీటర్లు కూడా కలిపితే 11.7 అవుతుంది, జేబు నోటి దగ్గరే ఆగిపోయింది. పలచన చేయాలంటే బ్యాటరీ తగ్గాలి, అత్తయ్య ఒప్పుకోదు. గవర్నర్‌పేటలో అతనికి ఎప్పుడూ కుట్టే దర్జీ ఉన్నాడు. జేబు 13 సెంటీమీటర్లకు పెంచి, అడుగున రెండో పొర వేసి, నాలుగు చొక్కాలకు మార్చి ఇచ్చాడు. ఈ ప్రాజెక్టులో చెప్పిన తేదీకి పని అప్పజెప్పింది ఆయనొక్కడే.

బరువు 430 గ్రాములు. 2013 నాటి సోనీ ఎక్స్‌పీరియా జెడ్ అల్ట్రా 6.4 అంగుళాల తెరతో 212 గ్రాములే, దళసరి ఆరున్నర మిల్లీమీటర్లు. కంపెనీల ముందు మన చేతిపని ఎక్కడుందో ఆ రెండు అంకెలు చెబుతాయి. ఒంటిచేత్తో వాడటం అన్న ఊహే వదిలేశాను. ఎడమ చేత్తో పట్టుకుంటే బొటనవేలు ఎక్కడ పడుతుందో చూసి, పచ్చ బొత్తం సరిగ్గా అక్కడ పెట్టాను.

మే: ఎండ

లిథియం సెల్‌ను 45 డిగ్రీలు దాటితే చార్జ్ చేయకూడదు, వాడుకోవడానికైతే 60 దాకా ఫరవాలేదు. మే నెల బెజవాడలో బయట 42, 43 ఉన్నప్పుడు చార్జింగుకు మిగిలే వెసులుబాటు రెండు మూడు డిగ్రీలు, చార్జింగు వల్ల పుట్టే వేడి ఒక్కటే దాన్ని మింగేస్తుంది. అందరూ వాడే టీపీ4056 చార్జింగు చిప్ ఒక ఆంపియర్‌కు మించి ఇవ్వదు, ఈ బ్యాటరీ నిండాలంటే దానికి రాత్రంతా కావాలి. దాని బదులు బీక్యూ25895 చిప్ వేశాను. సెల్‌కు అంటించిన థర్మిస్టర్‌ను (వేడి కొలిచే ముక్కను) అది చూసుకుంటుంది. రెండు ఆంపియర్లతో మొదలుపెట్టి, 40 దాటితే ఒకటికి తగ్గించి, 45 దగ్గర ఆపేసేలా మైక్రోకంట్రోలర్‌లో రాశాను. మధ్యాహ్నం మూడింటికి పెడితే అసలు ఎక్కదు. తెల్లవారుజామున పెడితే మామయ్య వాకింగ్ నుంచి వచ్చేలోగా సగం పైన ఎక్కుతుంది.

ఎండలో తెర కనపడటం లేదన్నది నిజం. బ్యాక్‌లైట్ పెంచితే వాట్లు పెరుగుతాయి. పేపరు చదివేది వరండాలో కాబట్టి దాన్ని ముట్టుకోలేదు.

వాట్సాప్ బ్రౌజర్లో నడుస్తోంది, లింక్ చేసిన పరికరంగా. అసలు ఫోను పద్నాలుగు రోజులకు మించి తెరవకపోతే లింకు తెగిపోతుంది కనుక పాత ఫోను ఇంట్లో సొరుగులో బతికే ఉంది. యూపీఐ యాప్‌లు మన లినక్స్ ఫోను మీద నడవవు, ధ్రువీకరించిన పరికరం కావాలంటాయి. ఆ గోడను దూకే ప్రయత్నం చేయదలచుకోలేదు, డబ్బు వ్యవహారం పాత ఫోనులోనే. ఇలాంటివి చేసి అమ్మవచ్చు కదా అని అడిగేవాళ్లకు: 2023 జనవరి నుంచి మన దేశంలో ప్రతి ఫోను ఐఎంఈఐని (గుర్తింపు సంఖ్యను) అమ్మకానికి ముందే ప్రభుత్వ పోర్టల్‌లో నమోదు చేయాలి. రేడియో అనుమతులు, బ్యాటరీ ప్రమాణాలు, శరీరం పీల్చుకునే తరంగాల పరీక్ష (కిలోకు 1.6 వాట్ల పరిమితి) ఇవన్నీ వేరు. నా బల్ల మీద ఉన్నది ఒక్కటే, ఒక్కరి కోసం.

ప్రస్తుతం

మామయ్య రెండో వారం వాడుతున్నాడు. నాలుగు మిల్లీమీటర్ల అక్షరాలతో వరుసకు మూడు మాటలు, చిన్నవైతే నాలుగు పడుతున్నాయి. రోజుకు రెండున్నర గంటల చదువు, నాలుగైదు కాల్స్, రెండు రోజులకొకసారి చార్జింగు. నిన్న సంపాదకీయంలో రెండు అచ్చుతప్పులు పట్టుకుని, తెర మీద వేలితో గీత గీసి దిద్దబోయాడట. గీత పడలేదని ఫోను చేశాడు. గీత పడేలా చేయడం కష్టమేమీ కాదు, పేజీ మీద పారదర్శకమైన పొర ఒకటి వేయాలి. ఈ ప్యానెల్‌కు స్టైలస్ లేదు, వేలితో సన్నని గీత రాదు కాబట్టి కెపాసిటివ్ పెన్ను ఒకటి కొని చూడాలి.

చేయాల్సినవి: స్పీకరు రంధ్రాలు జేబు బట్టకు ఆనుకుని మోత తగ్గుతోంది, పక్కకు మార్చాలి. మైక్రోకంట్రోలర్ వారానికోసారి తేదీ మరిచిపోతోంది, చిన్న గడియారపు చిప్ చేర్చాలి. పచ్చ బొత్తం స్ప్రింగు గట్టిగా ఉందని అత్తయ్య ఫిర్యాదు. ఆవిడకెందుకు ఫిర్యాదు అంటే, మధ్యాహ్నం మామయ్య నిద్రపోతున్నప్పుడు పేపరు చదువుతున్నది ఆవిడే. రెండోది ఎప్పుడు చేస్తావని అడిగింది. ప్యానెల్‌కు ఆర్డరు పెట్టాను.